ఎదురు తొట్టిలో అత్తయ్య

ఫోన్ పెట్టేసి నేను గెంతిన గెంతుకి వంటింటి అరలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి.

“ఏమైందే మిస్బా, తేలు గాని కుట్టిందా?” అంటూ మా అత్తయ్య మైమూనా, చింతపండు పిసుకుతున్న చేతులు గాల్లో అట్లాగే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“మనకే వచ్చింది అత్తయ్యా! నలుగురికీ! హైదరాబాద్ పక్కన పెద్ద పార్కు. జెయింట్ వీలు, రోలర్ కోస్టరు, నీళ్ళల్లో జారుడుబండలు, రాత్రికి ఉండటానికి ఏసీ గదులు. అంతా ఫ్రీ!”

“ఓటీపీ గాని చెప్పావా?”

“చెప్పలేదు.”

“బ్యాంకు పేరు?”

“అసలు అడగనే లేదత్తయ్యా. ఇంజనాయిల్ కంపెనీ వాళ్ళు. మావయ్య తెచ్చే డబ్బాల మూతల్లో కూపన్లు ఉంటాయే, వాటిని నేను ఫోన్లో స్కాన్ చేస్తున్నా గదా. ఆ పాయింట్లకి ఇచ్చారు.”

మా మావయ్య పేరు మౌలాలీ, నరసరావుపేటలో డీజిల్ ఇంజన్లు బాగుచేస్తాడు. ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపల చిన్న బిళ్ళ ఉంటుంది. పారెయ్యడానికి మనసొప్పక, ఏం చేసుకోవాలో తెలియక ఏళ్ళ తరబడి వాటిని ఒక పాత గ్రీజు డబ్బాలో పడేస్తూ వచ్చాడు. నా చేతి గోరింటాకు ఇంకా ఎర్రగా ఉండగానే షెడ్డు ఊడుస్తూ ఆ డబ్బా కనిపెట్టాను. బీకాం చదివినందుకు అత్తారింట్లో నేను చేసిన మొదటి ఘనకార్యం అదే.

అత్తయ్య చేతులు కడుక్కుని, పీట లాక్కుని కూర్చుంది. ముఖంలో ఏదో ఆలోచన గిరగిరా తిరుగుతోంది.

“అయితే స్థలం ఎక్కడిస్తారంట? గేటు దగ్గరా, లోపలా?”

“ఏం స్థలం?”

“రాట్నానికే. గేటు దగ్గరైతే జనం ఆగుతారు గాని దుమ్ము. లోపలైతే కాస్త నీడ. కరెంటు వాళ్ళిస్తారా, మన ఇంజనే తోలుకోవాలా? వాళ్ళకే అంత పెద్ద చక్రం ఉండి కూడా మనల్ని పిలిచారంటే మంచోళ్ళే పాపం.”

అప్పుడుగాని నాకు అర్థం కాలేదు.

మా ఇంటికి ఇంకో పని కూడా ఉంది. శివరాత్రికి కోటప్పకొండలో మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా, చుట్టుపక్కల ఏ ఊళ్ళో తిరనాళ్ళు జరిగినా, దర్గాలో ఉరుసు జరిగినా, చర్చి పండగ జరిగినా అక్కడ మా రాట్నం ఉంటుంది. మావయ్య స్నేహితుడు జయరాజు బాబాయ్ వ్యానులోంచి ఇనప ముక్కలుగా దిగి, పొద్దుగూకేసరికి రంగు బల్బుల చక్రమై నిలబడుతుంది. బిగించేదీ తిప్పేదీ మావయ్య. అత్తయ్య కింద రేకు డబ్బా ముందు కూర్చుని టికెట్లు తెంపుతుంది. మా ఆయన నదీం జనాన్ని తొట్లలో కూర్చోబెట్టి అడ్డకడ్డీలు వేస్తాడు. మా పెళ్ళయిన వారానికే తిరనాళ్ళు వచ్చాయి కాబట్టి నా హనీమూన్ కొండ కింద, ప్రభల మైకుల హోరులో, అత్తయ్య పక్కన చిల్లర ఇస్తూ గడిచింది. నాకేం లోటు కాలేదు. ఒక తొట్టి నింపి ఇంకో తొట్టి వచ్చేలోపు నదీం నా వైపు చూసేవాడు. అన్ని తొట్లకీ చూసేవాడు.

“రాట్నం వెయ్యటానికి కాదత్తయ్యా. ఎక్కటానికి పిలిచారు.”

“ఎక్కటానికా?”

“ఆ. అక్కడ మనమే జనం.”

“మనమే జనమా!” అని అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, చింతపండు సంగతి మరిచిపోయి, గుమ్మం వైపు చూస్తూ కాసేపు అట్లాగే కూర్చుంది.

మావయ్య సాయంత్రం షెడ్డు నుంచి వచ్చాక టీ ఇచ్చి విషయం చెప్పాను. మావయ్య తక్కువ మాట్లాడతాడు, మనుషుల్ని కంటితో తూస్తాడు. నిజంగానే తూస్తాడు. రాట్నం ఒక పక్కకి లాగకుండా తిరగాలంటే, ఒక తొట్టి నింపాక దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న తొట్టిలో కూడా అంతే బరువు పడాలి. అందుకని ఎవరు కనపడినా ఆయన బుర్రలో ముందు కేజీలు పడతాయి. మాచర్లలో మా పెళ్ళిచూపులప్పుడు నేను టీ పళ్ళెంతో రాగానే కొడుకు చెవిలో ఏదో అన్నాడు. పిల్ల బాగుందన్నాడని నేను లోలోపల పొంగిపోయాను. “యాభై ఒకటి” అన్నాడట. పెళ్ళయ్యాక నదీం చెబితే ఆస్పత్రి మిషన్ ఎక్కి మరీ చూసుకున్నాను. అరకేజీ తేడా.

“మంచిదేగా. మీరు ముగ్గురూ పోయిరండి,” అన్నాడు మావయ్య.

“పాసు నలుగురికి మావయ్యా.”

“నాకెందుకమ్మా. రోజూ చూసే చక్రమే.”

“చూస్తారు సరే, ఎక్కుతారా?”

“ఎక్కకేం. బిగించిన ప్రతిసారీ మొదట ఎక్కేది నేనేగా.”

అది నిజమే. మా రాట్నానికి ఒక ఆనవాయితీ ఉంది. బోల్టులు బిగించినవాడే మొదట ఎక్కాలి. మావయ్య ఒక తొట్టిలో ఒక్కడే కూర్చుంటాడు, ఎదురు తొట్టిలో ఆయన బరువుకి సరిపడా ఇసక మూటలు పెడతారు. ఆ ఒక్కసారికే రాట్నం తిప్పే లీవరు నదీం చేతికి వస్తుంది. మావయ్య దిగి తల ఊపాక అత్తయ్య మొదటి టికెట్ తెంపుతుంది, లీవరు మళ్ళీ మావయ్య చేతికి వెళ్ళిపోతుంది. తన ప్రాణం కొడుకు చేతిలో పెడతాడు గాని జనం ప్రాణం పెట్టడు. నదీంకి ఆ వెలితి ఉంది. పైకి అనడు.

“మరి అత్తయ్య ఎప్పుడైనా ఎక్కిందా?”

మావయ్య టీ గ్లాసులోకి చూశాడు. “మీ అత్తకి టికెట్ల పని గదా.”

“మనం ఎక్కి కూర్చుంటే ఒక బేరం పోద్ది,” లోపల్నుంచి అత్తయ్య గొంతు. “అయినా నాకు కళ్ళు తిరుగుతయ్యి.”

ఆ తర్వాత రోజులు ఎంత బాగున్నాయో! వీధి వీధంతా మిరపకాయల ఘాటు, ఒకటే తుమ్ములు, ఆ తుమ్ముల మధ్యే మా ప్రయాణం మాటలు. పార్కులోకి బయటి తిండి రానివ్వరని నేను చెబితే, “బిర్యానీ కూడానా?” అని అత్తయ్య గుండె మీద చెయ్యి వేసుకుంది. బస్సులో తినేద్దామని చెప్పాక గాని కుదుటపడలేదు. నదీం నాకు నల్ల కళ్ళజోడు కొన్నాడు, నీళ్ళల్లోకి ఎవరైనా కళ్ళజోడుతో దిగుతారా అని నేనంటే, ఒడ్డున నిలబడి ఫోటో దిగడానికన్నాడు. అద్దం ముందు పెట్టుకుని చూసుకుంటుంటే వెనక నుంచి మావయ్య వచ్చాడు, నేను నాలుక కరుచుకుని పారిపోయాను.

మావయ్యని కూడా ఒకరోజు పట్టుకున్నాను. భోజనమయ్యాక నా ఫోన్ అడిగి తీసుకుని ఆ పార్కు వీడియో చూస్తున్నాడు. జనం కేకలు వినపడకుండా సౌండు తీసేశాడు. మనుషులున్న చోట చూడటం లేదు, ఆ రోలర్ కోస్టరు చక్రాలు పట్టాని ఎట్లా పట్టుకున్నాయో చూస్తున్నాడు.

“సూడమ్మా, పైనొక చక్రం పెట్టి, పట్టా కింద ఇంకో చక్రం పెట్టాడు. తలకిందులైనా ఊడదు. ఎవడో గాని గట్టోడు.”

“వచ్చి దగ్గరగా చూడొచ్చుగా మావయ్యా.”

ఫోన్ నా చేతికిచ్చేశాడు. “దాని బోల్టులు ఎవరు బిగించారో మనకి తెలియదు గదమ్మా,” అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకి పార్కంటే ఇష్టం లేక కాదని. తన చేత్తో బిగించని చక్రం మీద తన ఇంటివాళ్ళని కూర్చోబెట్టడం ఆయనకి చేతకాదు.

మా వీధిలోనే దయామణి పిన్ని ఉంటుంది, బట్టలు కుడుతుంది. ఒక పొద్దున పాల ప్యాకెట్టు తెస్తుంటే కిటికీలోంచి పిలిచింది.

“ఏమే మిస్బా, మీ అత్తకి ఆ డ్రెస్సు చేతులు సరిపోయినయ్యో లేదో కనుక్కోవే.”

“మా అత్తకి డ్రెస్సేంది పిన్నీ?”

“అయ్యో నా నోరు మండ! ఎవరికీ చెప్పొద్దంది. ఆకుపచ్చ పంజాబీ డ్రెస్సు. చీర కట్టుకుంటే ఆ ఉయ్యాలల్లో కుచ్చిళ్ళు ఎగురుతయ్యంట. మీ అత్తకి నేను జాకెట్లు తప్ప ఏనాడూ ఏదీ కుట్టలా. కొలతలు తీసుకుంటుంటే చిన్నపిల్ల మాదిరి ఒకటే సిగ్గు.”

నేను ఇంటికొచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, అత్తయ్య వైపు చూడకుండా తిరిగాను. చూస్తే నవ్వో ఏడుపో వచ్చేట్టుంది. కళ్ళు తిరుగుతాయన్న మనిషి!

ఆ రోజే పార్కు వాళ్ళ నుంచి తేదీ వచ్చింది. సెలవులు కదా, అన్నీ నిండిపోయాయట. పాసు గడువు అయ్యేలోపు ఒకే ఒక్క రోజు ఖాళీ ఉంది. నకరికల్లు అవతల ఒక ఊళ్ళో ఏటా మేము వేసే ఉరుసు అయిన మర్నాడే బయల్దేరాలి.

“ఆ రోజు రాట్నం విప్పాల,” అన్నాడు మావయ్య.

“రెండు రోజులు ఆగి విప్పుదాం నాన్నా,” అన్నాడు నదీం.

“నిలబడ్డ రాట్నాన్ని ఒదిలి ఊరు దాటతారంట్రా? పిల్లకాయలు ఎక్కుతారు. గాలి లేస్తది. కింద మన మనిషి ఉండాల. నేనుంటా, మీరు పొండి.”

అత్తయ్య కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు. “ఆయన రాకపోతే నేనూ రాను. కొత్తగా పెళ్ళైనోళ్ళు, మీరిద్దరూ పోయిరండి. అదే బాగుంటది.”

నదీం నా వంక చూశాడు. మేమిద్దరమే, ఏసీ గది, కళ్ళజోడు. మనసు ఒక్క క్షణం ఎగిరి అక్కడికి వెళ్ళిపోయింది, దాచడమెందుకు. కాని ట్రంకు పెట్టె అడుగున దుప్పట్ల కింద ఆకుపచ్చ డ్రెస్సు ఒకటి ఉండటం అప్పటికే నా కంటపడింది.

“నలుగురం వెళ్తేనే వెళ్తాం. లేకపోతే పాసు పోతే పోనీ,” అన్నాను. అంత గట్టిగా అత్తారింట్లో నేను మాట్లాడటం అదే మొదలు. అత్తయ్య వంకాయ తరగడం ఒక్క క్షణం ఆపింది.

ఉరుసు నాటికి ఎండలు మండిపోతున్నాయి. తెల్లవారకముందే బిగించడం మొదలుపెట్టారు, పొద్దెక్కితే ఇనుము చెయ్యి పెట్టనివ్వదు. తడిపిన గోనెపట్టాలు తొట్ల మీద కప్పితే నిమిషాల్లో ఎండిపోయేవి. మధ్యాహ్నం వ్యాను నీడలో అందరం మజ్జిగన్నం తిన్నాం. ఎవరూ మర్నాటి ఊసు ఎత్తలేదు. నేను మాత్రం సంచీ సర్దే ఉంచాను. సర్దిన సంచీ ఇంట్లో ఉంటే ఏదో ఒక దారి దొరుకుతుందని నా పిచ్చి నమ్మకం.

ఎండ చల్లబడ్డాక దర్గా వైపు నుంచి తప్పెట్లు మొదలయ్యాయి. మావయ్య కండువా నడుముకి బిగించాడు. నదీం లీవరు దగ్గర నిలబడ్డాడు. జయరాజు బాబాయ్ ఇసక మూటల్ని కింది తొట్టి దగ్గరికి ఈడ్చుకొస్తున్నాడు.

“మావయ్యా, ఆ మూటలన్నీ కలిపి ఎంత?” అనడిగాను.

“అరవై మూడు. నా అంత.”

“అత్తయ్య?”

“యాభై ఎనిమిది,” అన్నాడు, తల కూడా తిప్పకుండా.

“అయితే ఒక చిన్న మూట కలిపితే సరిపోతుందిగా. ఇన్నేళ్ళుగా ఆ ఇసక ఎక్కి తిరుగుతోంది. అత్తయ్య ఎక్కకూడదా?”

ఎక్కువ మాట్లాడానేమోనని నాకే అనిపించింది.

“అదీ మాటంటే!” జయరాజు బాబాయ్ మూటని దబ్బున కింద పడేశాడు. “ఈ మూటలు ఎత్తీ ఎత్తీ నా నడుం పోయిందన్నా. వదినైతే తనంతట తనే ఎక్కుద్ది.”

“పోవే మిస్బా, నాకు కళ్ళు తిరుగుతయ్యంటే,” అంటూనే అత్తయ్య టికెట్ డబ్బా నా ఒళ్ళో పెట్టేసి లేచింది. అప్పటికే జాకెట్టుకున్న పిన్నీసు తీసి కుచ్చిళ్ళకి పెట్టుకుంటోంది.

మావయ్య ఆమెని తొట్టిలో కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర చిన్న మూట పెట్టి, అడ్డకడ్డీ వేశాడు. లాగి చూశాడు. మళ్ళీ లాగి చూశాడు. నదీం సగం చుట్టు తిప్పాడు. అత్తయ్య పైకి వెళ్ళిపోయింది, కిందికి వచ్చిన తొట్టిలో మావయ్య ఎక్కాడు, రాట్నం తిరగడం మొదలుపెట్టింది.

నేను చప్పట్లు కొట్టాను. రెండు చుట్లు అయ్యాక చేతులు ఆగిపోయాయి. మావయ్య పైకి వెళితే అత్తయ్య కిందికి వస్తోంది. అత్తయ్య పైకి వెళితే మావయ్య కింద. ఆయన మెడ వెనక్కి వంచి పైకి చూస్తున్నాడు, ఆమె కడ్డీ మీదుగా కిందికి తొంగి చూస్తోంది. మధ్యలో ఇరుసు, ఊచలు. ఎదురెదురు తొట్లు ఎంతసేపు తిరిగినా ఒకదాని పక్కకి ఒకటి రావు.

నదీం నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. అతను బ్రేకు వేశాడు.

మావయ్య తొట్టి కింద ఆగింది. “ఏమైందిరా?”

“తూకం ఒక పక్కకి లాగుతోంది నాన్నా. నువ్వూ అమ్మా ఒకే తొట్టిలో కూర్చోండి. ఈ తొట్టిలో మూటలన్నీ, వ్యాన్లో మిగిలినవి కూడా పెడతా.”

తూకం ఎక్కడా లాగలేదు. నూనె పోసినట్టు తిరిగింది. వచ్చి రెండు నెలలు దాటని నాకే అది తెలిసినప్పుడు మావయ్యకి తెలియదా? ఆయన ఇరుసు వైపు చూశాడు, బెల్టు వైపు చూశాడు, కొడుకు ముఖంలోకి చూశాడు. నదీం చెయ్యి లీవరు మీద అట్లాగే ఉంది.

“ఆ, లాగుతోంది,” అన్నాడు మావయ్య.

అని తొట్టి దిగాడు.

“మళ్ళీ మూటలేనా నాయనో!” అని జయరాజు బాబాయ్ మొత్తుకుంటూ అన్నీ ఎత్తి అందులో పడేశాడు. నదీం సగం చుట్టు తిప్పి అత్తయ్యని కిందికి తెచ్చాడు. అత్తయ్య చీర దగ్గరికి లాక్కుని జరిగింది. మావయ్య కూర్చున్నాడు. ఈసారి అడ్డకడ్డీ నదీం వేశాడు. మావయ్య దాన్ని లాగి చూడలేదు.

తొట్టి పైకి చేరాక నదీం కాసేపు ఆపాడు. కింద నుంచి వాళ్ళ మాటలు వినపడవు. మావయ్య చెయ్యి అలవాటుగా కడ్డీ కింద బోల్టు కోసం తడమడం కనపడింది, అత్తయ్య దాని మీద ఒక్క దెబ్బ వేయడం కనపడింది. తర్వాత ఆమె దూరంగా సాగర్ కాలువ గట్టు వైపు చెయ్యి చాపి ఏదో చూపించింది. ఆయన అటు చూశాడు. ఇన్నేళ్ళలో అంత ఎత్తు నుంచి ఆయన చూసినవన్నీ ఊచలూ కీళ్ళేనేమో, చాలాసేపు అటే చూశాడు.

తొట్టి కిందికి రాగానే అత్తయ్య, “ఇంకొక్కసారి తిప్పరా,” అంది.

“టికెట్ ఏదమ్మా?”

“పోరా, టికెట్లన్నీ నాయే!”

ఇంకా చానాసార్లు తిరిగారు. జనం మూగారు. గంధం ఊరేగింపు నుంచి పిల్లలు పరిగెత్తుకొచ్చి వరసలో నిలబడ్డారు. మావయ్య దిగి, తల ఊపి, అలవాటు ప్రకారం లీవరు వైపు నడిచాడు. నదీం పక్కకి జరిగాడు. మావయ్య లీవరు దాకా వెళ్ళి ఆగాడు.

“ఆ లావాటాయన్ని ముందు కూర్చోబెట్టు. ఎదురుగా ఆ ముగ్గురు ఆడపిల్లలు,” అన్నాడు. “నువ్వే తిప్పు.”

జయరాజు బాబాయ్ అడ్డకడ్డీలు వేస్తుంటే నదీం లీవరు అందుకున్నాడు. బిగిసిన ఆ చేతి నరాలు నేను టికెట్ డబ్బా దగ్గర నుంచి చూశాను, మొదటి టికెట్ తెంపుతూ.

మావయ్య బజ్జీల పొట్లంతో వచ్చి అత్తయ్య పక్కన వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. బల్బులు వెలిగాయి. మావయ్య అట్లా ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాలుగు విడతలు జనం ఎక్కి దిగేదాకా రాట్నాన్నీ కొడుకునీ చూస్తూ కూర్చున్నాడు.

“జయరాజూ,” అని పిలిచాడు అప్పుడు. “రేపు రాట్నం విప్పటంలా.”

“మరేం చేద్దాం?”

“తొట్లకి గొలుసెయ్యి. బెల్టు ఊడదీసి నీ వ్యాన్లో పెట్టుకో. మేము తిరిగొచ్చేదాకా దాని కిందే పడుకోవాల.”

“కింద మీ మనిషే ఉండాలంటివి గదన్నా?”

“నువ్వెవరివి మరి?”

జయరాజు బాబాయ్ కండువాతో ముఖం తుడుచుకుని గొలుసులు వెతకడానికి వెళ్ళిపోయాడు.

నా చేతిలో చిల్లర అట్లాగే ఉండిపోయింది. వరసలో ముందున్న పెద్దాయన, “ఏందమ్మా, ఇస్తావా లేదా?” అని గదిమాడు. ఆయనకి రావలసిన దానికంటే ఎక్కువే ఇచ్చి ఉంటాను.

“మైమూనా,” అన్నాడు మావయ్య, బజ్జీ విరిచి ఆమెకిస్తూ. “ఆ పెట్టె అడుగున దాచిన కొత్త డ్రెస్సు రేపు ఏసుకో. నలగబెట్టబాక.”

అత్తయ్య చేతిలో బజ్జీ ఆగిపోయింది. “నీకెవరు చెప్పారు?” అని నా వైపు ఉరిమి చూసింది. నేను కాదని తల అడ్డంగా ఊపాను.

“మొన్న పెట్టె జరిపా. బరువు పెరిగితే తెలవదా నాకు? తెరిచి చూశా,” అన్నాడు మావయ్య. తర్వాత లీవరు దగ్గరున్న కొడుక్కి కూడా వినపడేట్టు గొంతు పెంచాడు. “రేపు పొద్దున మొదటి బస్సుకి ఇంటికి పోయి సామాను తీసుకుంటన్నాం. అట్నించటే హైదరాబాదు బస్సు. నలుగురం.”